వసుంధర మేడం ఎడమ చెయ్యి

రక్తపరీక్ష చేయించుకుని వచ్చిన సాయంత్రం, మోచేతి మడతలో అంటించిన ప్లాస్టర్‌ను మెల్లగా ఊడదీస్తుంటే దాని జిగురు వాసన, దాని కింద ఆరీ ఆరని స్పిరిట్ వాసన కలిసి గుప్పుమన్నాయి. చర్మం కొంచెం పైకి లేచి, నూగు వెంట్రుకలు చురుక్కుమని, మళ్ళీ సర్దుకుంది. వంటింట్లో కుక్కర్ కూత వేస్తున్నా నేను లేవలేదు. ఆ వాసన నన్ను ఎప్పుడూ ఒకే గదికి తీసుకుపోతుంది. సికింద్రాబాదులో ఒక ఆసుపత్రి వెనకవైపు, నల్ల పరదాలు దించిన పొడుగాటి గది అది. గోడల పైన చుట్టూ కెమెరాలు, మధ్యలో ఒక బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు. మనుషుల చేతులు ఎలా కదులుతాయో అక్కడ కొలుస్తాం. ఆ గదికి పెద్ద మా వసుంధర మేడం. ఆవిడ నిరుడు కన్నుమూశారు. దేవుడి విషయంలో ఆవిడకు పెద్ద పట్టింపు లేదు. ఆవిడ పేరు చెప్పి నేను ప్రార్థన చేస్తానని తెలిస్తే నవ్వేసేవారు. అయినా రోజూ చేస్తాను. నా జీవితంలో కృతజ్ఞతలు చెప్పుకోవలసినవాళ్ళలో అమ్మ తర్వాత ఆవిడే.

మాది మెట్టుగూడ. నాన్న రైల్వేలో పనిచేసేవారు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం ఎక్కువగా ఉండడంతో బడికి పంపలేదు. పొద్దున కుటుంబ ప్రార్థన అయ్యాక అమ్మ వంటింటి గట్టు పక్కన పీట వేసి చదువు చెప్పేది. పరీక్షలన్నీ ప్రైవేటుగానే రాశాను. డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగానికి ఎక్కడికి వెళ్ళినా, ఏ స్కూలు అని అడిగేవాళ్ళు, నా జవాబు వినగానే కాగితాలు మడిచేవాళ్ళు. మేడం కూడా అదే అడిగారు. రాంగోపాల్‌పేట్‌లో స్టీలు సామాన్ల దుకాణం ఉన్న ఇంట్లో పుట్టిన మనిషి ఆవిడ. ఎంత పెద్ద చదువు చదివినా మాట మాత్రం ఆ గల్లీ మాటే.

"ఏ స్కూల్ల చదివినవ్?"

"ఇంట్లోనే మేడం. మా అమ్మ దగ్గర."

"అట్లనా! అయితే బెంచీ ఎక్కి నిలబడుడు గిట్ల ఏం లేదన్నట్టు."

"పీట ఎక్కించేది మేడం."

ఆవిడ పగలబడి నవ్వారు. "పీట ఎక్కి ఎంతసేపు నిలబడ్తవ్?" అని అడిగి, నేను ఆలోచనలో పడేసరికి, "ఓపిక ఉంటే చాలు, మిగిలింది నేర్పిస్త. రేపటినుంచి రా" అన్నారు. అని, టీ కప్పు ఎడమ చేత్తో నా ముందుకు జాపారు. ఆవిడది ఎడమ చేతివాటం. ఆ కప్పు అందుకోవడానికి నా చెయ్యి ఒక్క క్షణం వెనకాడింది. ఆవిడ అది చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

మా పని చెప్పడానికి సులువు, చేయడానికి కష్టం. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పడిపోయినవాళ్ళు వచ్చేవారు. భుజం మీద, మోచేతి మీద, మణికట్టు మీద, బొటనవేలు చివర, చూపుడువేలు చివర చిన్న వెండిరంగు పూసలు అంటించేదాన్ని. పరదాలు దించి కెమెరాలు నడిపితే తెర మీద మనిషి మాయమై ఆ చుక్కలే మిగులుతాయి. చుక్కల్ని గీతలతో కలిపితే పుల్లలతో చేసిన చెయ్యి ఒకటి కదులుతుంది. ఆ చేతి వేగాన్ని గీసి చూస్తే, ఆరోగ్యంగా ఉన్న చేతి గీత ఒద్దికగా లేచి ఒద్దికగా దిగుతుంది, మా చర్చి గంటను పక్కనుంచి చూసినట్టు. జబ్బుపడిన చేతి గీత గుట్టలు గుట్టలుగా వస్తుంది. బాగున్న చేతిని నమూనాగా పెట్టుకుని, పడిపోయిన చేతికి ఏ వ్యాయామం ఎంత కావాలో కంప్యూటరు లెక్కగట్టేది. అందుకే ఒక చెయ్యి బాగుండి తీరాలి. రెండూ చెడితే మా చికిత్సకు పనికిరారు. మామూలు వార్డులో చేరి, ఎప్పుడో వచ్చే వంతు కోసం ఎదురుచూడాలి.

పూస అంటించడం ఆవిడే నేర్పారు. "స్పిరిట్‌తోని చర్మం తుడిచేటప్పుడు మాట్లాడుతుండు సుగుణా. ఊరు అడుగు, కూర అడుగు. మనిషి బిగుసుకున్నడంటే మనం కొలిచేది చేతిని కాదు, భయాన్ని" అనేవారు. మొదట్లో నాకు కొత్తవాళ్ళతో నోరు పెగిలేది కాదు. ఇంటిపట్టున పెరిగినదాన్ని. ఆ గదిలోనే మాట్లాడడం నేర్చుకున్నాను.

పుస్తకాల్లో ఉన్న పరీక్ష ప్రకారం రోగి గ్లాసు తీసి ఎదురుగా ఉన్న అలమారాలో పెట్టాలి. మేడం దాన్ని మార్చారు. "అలమారాకు గ్లాసు ఇచ్చుడేంది? ఎదురుంగ మనిషి ఉంటే చేతికి జెర హుషారొస్తది" అని, ఆ చోట నన్ను కూర్చోబెట్టారు. అందరూ మెచ్చుకున్న మార్పు అది. రోగులు నవ్వుతూ గ్లాసు ఇచ్చేవారు, నేను నవ్వుతూ అందుకునేదాన్ని. సగం ఉద్యోగం అదే.

ఒక వేసవిలో కాప్రా నుంచి బాలమణమ్మ వచ్చింది. గాజుల దుకాణం ఆమెది. కుడి చెయ్యి పడిపోయింది. పూసలు అంటిస్తుంటే నా మణికట్టు వైపే చూసింది.

"గిదేంది బిడ్డా, బోసి చేతులు? నా దుకాణంల అడుగువెడితే ఇట్ల పంపిస్తనా?"

"మీ చెయ్యి బాగవ్వనీ అమ్మా, మీ చేత్తోనే తొడిగించుకుంటాను."

"గదే గద నా తిప్పలు. ఎడమ చెయ్యి పట్టుకోవాలె, కుడి చెయ్యి ఎక్కియ్యాలె. ఒక్క చేత్తోని గాజులు తొడుగుడు యాడన్న ఉన్నదా? నా తోడికోడలు కూసుంటున్నది గల్లాల. దానికి చెయ్యి ఒత్తుడు రాదు, పిల్లలు ఏడుస్తున్నరు. శ్రావణం వచ్చేలోపు నేను పోకుంటే దుకాణం ఆమెదే అయితది." మళ్ళీ తనే మెల్లగా అంది, "ఇంట్ల గాజుల చప్పుడు లేక నిద్ర పడ్తలేదు బిడ్డా."

పరీక్ష మొదలైంది. కుడి చెయ్యి గ్లాసు దాకా పాకింది, అంతే. ఎడమ చేత్తో గ్లాసు తీసి నాకిచ్చింది. కంప్యూటరు చూసే ప్రవీణ్ పెదవి విరిచాడు. మంచి కుర్రాడు, పనిలో నిక్కచ్చి.

"మేడం, లెఫ్ట్ సుత ఎఫెక్ట్ అయింది. స్టార్టింగ్ మంచిగుంది, లాస్ట్‌ల బ్రేక్ పడుతుంది."

తెర మీద గంట ఆకారం చివర్లో సొట్ట పడి ఉంది. మళ్ళీ చేయించారు, మళ్ళీ సొట్టే. మేడం చాలాసేపు ఆ గీత వైపు చూసి, ఎవరికీ అప్పగించకుండా తనే బాలమణమ్మ పక్కన కూర్చున్నారు. "అమ్మా, మా లెక్క ప్రకారం నీ రెండో చేతికి సుత దెబ్బ తగిలినట్టున్నది. ఈ ట్రీట్‌మెంట్ నీకు పడదు. వార్డుకు రాసిస్త" అన్నారు. మేడం లేచి తలుపు దగ్గరికి వెళ్ళారు. నేను పూసలు ఊడదీయడం మొదలుపెట్టాను. అప్పుడు ఆమె నాతో అంది.

"ఈ చెయ్యికేమైంది బిడ్డా? పొద్దుగాల నీళ్ళ బకెట్ దీంతోనే మోసిన. మీ మిషిన్‌కే ఏదో రోగమొచ్చింది, దానికి చూపియ్యుండ్రి."

అని, సంచీలో చెయ్యి పెట్టి ఒక జామకాయ తీసింది. "ఎడమ చెయ్యి, ఏమనుకోకు బిడ్డా," అంటూ నా ముందుకు జాపింది. నా అరచేతి దాకా వచ్చి ఆ చెయ్యి ఆగింది. ఒళ్ళో పడున్న కుడి చెయ్యి, ఇందాక గ్లాసు కూడా ఎత్తలేని చెయ్యి, ఎడమ మోచేతిని తాకుదామని వణుకుతూ పైకి లేవబోయింది. పెద్దలకు ఏదైనా ఇచ్చేటప్పుడు రెండో చెయ్యి మోచేతికి ఆనిస్తామే, అలా.

తలుపు దగ్గర మేడం వెనక్కి తిరిగి చూస్తున్నారు.

"ఏమన్నవ్ బాలమణమ్మా?"

"ఏమన్లే డాక్టరమ్మా. ఎడమ చెయ్యి, ఏమనుకోకు అన్న."

"ఇందాక గ్లాసు ఇచ్చేటప్పుడు సుత అన్నవా?"

ఆమె బదులు నేనే చెప్పాను. "ప్రతిసారీ అన్నారు మేడం. అందరూ అంటారు కదా."

ఆ మాట మేమందరం రోజూ విన్నదే. విని, పర్వాలేదని జవాబు చెప్పి, మరచిపోయే మాట. మా అమ్మ కూడా చర్చిలో కానుక పళ్ళెం ముందుకొస్తే నా ఎడమ చేతిని గట్టిగా పట్టుకునేది. ఎడమ చెయ్యి ఆగితే మనకు కనిపించదు, ఆగకపోతేనే కనిపిస్తుంది. కెమెరాలకు ఆ అలవాటు లేదు గనక అవి ఆగడాన్ని పట్టుకున్నాయి, కానీ మాట వినలేవు గనక దానికి జబ్బు అని పేరు పెట్టాయి.

"మేడం, అది మర్యాదా వీక్‌నెస్సా ఎట్ల తెలుస్తది?" అన్నాడు ప్రవీణ్. వాదించడానికి కాదు, నిజంగానే అడిగాడు.

మేడం వచ్చి రోగి కుర్చీలో కూర్చుని చీర కొంగు దోపుకున్నారు. "నాకు పెట్టు సుగుణా పూసలు. ఎడమ చేతికి. నా ఎడమ చెయ్యికి ఏ రోగం లేదు గద. పుట్టినప్పటి సంది దీంతోనే రాస్తున్న, దీంతోనే తింటున్న."

ఆవిడ చర్మానికి స్పిరిట్ రాసి పూసలు అంటించాను. మొదట నా కుర్చీ చోట ఒక స్టూలు వేయించి, గ్లాసు తీసి దాని మీద పెట్టారు. తెర మీద చక్కని గంట వచ్చింది. తర్వాత నాకిచ్చారు. ఎప్పటిలాగే ఇచ్చారు, నాకు తేడా ఏమీ తెలియలేదు. తెర మీద మాత్రం గంట అంచున సొట్ట ఉంది. బాలమణమ్మ అంత లోతుగా కాదు, కానీ ఉంది. ఆవిడ మళ్ళీ ఇచ్చారు, ఈసారి కావాలని గబగబా ఇచ్చారు. అయినా ఉంది.

ఆవిడ తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు.

"ఎడమ చేత్తోని ప్రసాదం పంచితే మా నాయనమ్మ గరిటెతోని కొడుతుండె. ఆమె పోయి ఎన్నేండ్లాయె! నేను ఎవ్వరికీ భయపడనని తిరుగుతున్న. ఇగో, ఆమె ఇంకా నా చెయ్యి పట్కొనే ఉన్నది." అని నవ్వారు.

తర్వాత బాలమణమ్మను స్టూలు మీద గ్లాసు పెట్టమన్నారు. ఎడమ చేత్తో టక్కున పెట్టేసింది. తెర మీద ఒక్క సొట్ట కూడా లేదు. ప్రవీణ్ చప్పట్లు కొట్టాడు. "స్టూలుకేం మర్యాద తియ్!" అంది ఆమె.

మేడం అక్కడే, అందరి ముందు, బాలమణమ్మ చెయ్యి పట్టుకుని అన్నారు. "తప్పు నాదమ్మా. మిషిన్‌ది కాదు, నీది అసలే కాదు. అలమారా తీసేసి మనిషిని కూసోబెట్టింది నేను. మనిషి ఉంటే చెయ్యి హుషారైతదనుకున్న, సిగ్గుపడ్తదని అనుకోలే. రేపటి నుంచి నువ్వు మాతోనే." అప్పటిదాకా నేను చూసిన పెద్దవాళ్ళెవరూ తప్పు తమదని అంత తేలికగా అనలేదు. ఆవిడ మాట విన్నాక, అది తలవంపు పనిలా అనిపించలేదు. తలుపు తెరిచినట్టు అనిపించింది.

అంతకుముందు రెండు చేతులూ చెడ్డాయని వెనక్కి పంపిన అందరికీ మరునాటి నుంచి ఆవిడే ఫోన్లు చేశారు. నేను నంబర్లు నొక్కి ఇస్తుంటే ఆవిడ మాట్లాడేవారు. ఒకాయన అరుపులు నా దాకా వినిపించాయి. ఆవిడ ఫోను చెవికి కొంచెం దూరంగా పట్టుకుని, ఆయన ఊపిరి తీసుకునే దాకా ఆగి, "ఇంకేమన్న ఉంటే తిట్టుండ్రి అన్నా. తిట్టి, రేపు తప్పకుండ రాండ్రి" అన్నారు. ఆయన వచ్చాడు. వచ్చి కూడా కాసేపు తిట్టాడు. ఆవిడ ఆయనకు టీ తెప్పించారు.

బాలమణమ్మ చెయ్యి పూర్తిగా రాలేదు. కానీ శ్రావణానికి ముందే ఒక రోజు గాజుల డబ్బా పట్టుకుని వచ్చి, పూసలు పెట్టించుకుని, మేడం ఎడమ చేతిని ఒళ్ళోకి లాక్కుని ఎర్ర మట్టిగాజులు తొడిగింది. కుడి చెయ్యి ఆగుతూ, జారుతూ, మళ్ళీ ఎక్కిస్తూ పనిచేసింది. ఒక్క గాజూ చిట్లలేదు. గీతను నునుపు చేయనా అని అడిగాడు ప్రవీణ్. "వద్దు. ఆ గుట్టలన్నీ ఆమె ఎక్కింది. ఉండనీయ్," అన్నారు మేడం. మరుసటి వారం ఆమె దుకాణంలో కూర్చుంది. నన్ను పిలిచి మరీ గాజులు తొడిగింది. మా ఇంట్లో నాకెన్నడూ లేని అలవాటు. ప్రార్థనలో చేతులు జోడించినప్పుడు అవి చిన్నగా చప్పుడు చేస్తే నాకు సంతోషంగా ఉండేది.

ఇప్పుడు ఆ గదిలో కొత్తవాళ్ళకు నేను నేర్పుతున్నాను. పోయిన వారం ఒక పెద్దాయన వచ్చాడు. భుజం దాటి చెయ్యి లేవడం లేదు, గీత సగంలోనే పడిపోతోంది. కొత్తగా చేరిన అమ్మాయి భుజం కీలు బిగిసిందని రాయబోయింది. నేను తెర దగ్గరి నుంచి లేచి, కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను. ఊరు అడిగాను, కూర అడిగాను. కాసేపటికి, "ఎందుకు తాతా, చెయ్యి ఎత్తడం లేదు?" అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగాడు. "అంగీ చినిగిందమ్మా, సంకల. ఎత్తితే కనబడ్తది. ఆ పిల్ల ముంగట ఎట్ల ఎత్తాలె?"

అమ్మాయిని బయటికి పంపి, ఆయన భుజాల మీద నా శాలువా కప్పి, పూసలు పైకి కనిపించేలా సర్దాను. కెమెరాలు నడిపాను. "దేవా, నీకు స్తోత్రం," అనుకున్నాను మనసులో. ఆయన చెయ్యి భుజం దాటి, చెవి దాటి, తల మీదుగా పైకి లేచింది.