కూర్చోవడం నేర్పిన కాకా

తడిసిన వరిగడ్డి మీద ఫినాయిల్ వాసన తగిలితే చాలు, ఇప్పటికీ గంగారాం కాకా నా పక్కనే ఉన్నట్టుంటుంది. బాన్సువాడ పశువుల దవాఖానలో ఆయన కాంపౌండర్. చిన్నప్పుడు బడి వదిలాక నేను అక్కడే తిరుగుతుండేదాన్ని. దూడ గుండె మీద చెవి ఆనించి వినమన్నది ఆయనే. నేను పశువైద్యం చదవడానికి కారణం ఆ చప్పుడే.

శస్త్రచికిత్సలో పై చదువు చదువుతుండగా, రెండో ఏడు, తెరిపి లేని కేసుల మధ్య ఒక కుక్క ఆపరేషన్ బల్ల మీదే ప్రాణం విడిచింది. నాకు ఏడుపు రాలేదు. ఒక పని తగ్గిందని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరికే భయపడిపోయాను. చదువు మానేస్తానని కాగితం రాసుకుని ఇంటికి వచ్చేశాను.

కాకా నన్ను చూసి, "పెద్ద కొడప్‌గల్‌ల బర్రె ఈనుతలేదంట, వస్తవా బిడ్డా?" అని బండి తీశాడు. దూడ కడుపులోనే చనిపోయింది. భుజం దాకా చెయ్యి పెట్టి బయటికి తీశాను. కాసేపటికి బర్రె కూడా మెడ వాల్చేసింది. నేను చేతులు కడుక్కుని, సామాను సర్ది, "పద కాకా, పక్క ఊళ్లో మేకలకు సూదులున్నాయన్నావు కదా," అన్నాను.

"మేకలు ఆగుతయ్ తియ్యి," అంటూ ఆయన ఆ ఇంటి అవ్వ పక్కన నేల మీద కూర్చున్నాడు. "దీని పేరేంది అవ్వా?"

"రాజి. మా కోడలు వెట్టింది," అని ఆమె ఏడ్చింది. ఇక గంటసేపు రాజి ముచ్చట్లే. ఎవరి చేను మేసి తిట్లు తెచ్చిందో, ఎవరు పిండితే పాలివ్వకుండా తన్నేదో చెప్పుకొచ్చింది. వింటూ వింటూ నేనూ ఏడ్చాను.

తిరుగుదారిలో చెరకు ట్రాక్టర్ల వెనక ఆగినప్పుడు అంతా చెప్పాను. "నా గుండె రాయైపోయింది కాకా."

"రాయైతే గిందాక ఎందుకేడ్చినవ్? నీకేం రోగం లేదు బిడ్డా. ఆడ నిన్ను కూసోనిస్తలేరు, గంతే." బండి మళ్లీ కదిలించి అన్నాడు: "మానేస్తే మానెయ్యి, ఫికర్ లేదు. గని ఒక్కసారి అడిగి మానెయ్యి."

"ఏమని?"

"జరసేపు కూసుంటనని."

కాలేజీకి వెళ్లి అడిగాను. "మేమంతా ఇలాగే చదివాం," అని ప్రొఫెసర్ చిరాకుపడ్డారు. రెండోసారి అడిగితే తలూపారు. పని తగ్గలేదు కానీ, ఏదైనా ప్రాణం పోయిన రోజున కాసేపు దాని పక్కన కూర్చోనిచ్చారు. చదువు పూర్తి చేశాను.

పోయిన ఏడు కాకా కన్నుమూశాడు. ఇప్పుడు నా దగ్గర పై చదువు చదివే పిల్లలున్నారు. మొన్న ఒకమ్మాయి చేతుల్లో లేగదూడ చనిపోయింది. తను చేతులు కడుక్కుని తర్వాతి కేసు చీటీ అందుకుంది. ఆ చీటీ తీసుకుని ఇంకొకరికిచ్చాను.

"నాకేం కాలేదు మేడం," అంది.

"తెలుసు," అని, దూడ పక్కన నేనే ముందు కూర్చున్నాను. కాసేపటికి తనూ కూర్చుంది.