ఇద్దరూ ఇంటి సంగతే రాశారు

ఈ రోజు తెనాలిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి పని మీద వెళ్లాను. పొలిటికల్ సైన్స్ లెక్చరర్ పోస్టుకు ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి. “కూర్చోండి, రెండే ఉన్నాయి” అంటూ కరస్పాండెంట్ గారు నన్ను ఆ గదిలోనే ఒక మూల కూర్చోబెట్టారు.

మొదట బాపట్ల యువకుడు వచ్చాడు. మూడు తరాలుగా రాజకీయాల్లో ఉన్న తన కుటుంబం మీదే పీహెచ్‌డీ చేశాడు.

“ఆధారాలన్నీ ఇంట్లోనే దొరికాయన్నమాట. అదృష్టవంతుడివయ్యా!” అన్నారు కరస్పాండెంట్.

తర్వాత భట్టిప్రోలు అమ్మాయి వచ్చింది. పొలం కూలీలు ఓటు ఎవరికి వేయాలో ఎలా తేల్చుకుంటారన్నది ఆమె పరిశోధన.

“నాన్నగారేం చేస్తారమ్మా?” అడిగారు కరస్పాండెంట్.

“కూలికెళ్తారండి. అమ్మ కూడానండి.”

“మరి దీన్ని పరిశోధన అంటారేంటమ్మా? మీ ఇంట్లో సంగతేగా! దీనికి డాక్టరేట్ కూడా ఇచ్చారా?”

బల్ల చుట్టూ ఉన్న ముగ్గురూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఉద్యోగం రాదనుకుందేమో. నవ్వినా రాలేదు. ఆమెకు కబురు చేస్తామన్నారు. ఆ అబ్బాయిని మాత్రం సోమవారం నుంచి రమ్మన్నారు.

తిరిగి వెళ్తుంటే బస్టాండులో ఆమె నన్ను గుర్తుపట్టి దగ్గరకు వచ్చింది.

“అన్నయ్యా, ఇందాక మీరూ లోపలున్నారుగా. రేపు రేపల్లెలో ఇంకో ఇంటర్వ్యూ ఉందండి. మా నాన్న రైతని చెప్తే కనిపెట్టేస్తారంటారా?”

విలేకరిగా ఇన్నేళ్లూ ప్రశ్నలు అడగడమే నా పని. కనుక్కుని చెప్తానని ఆమె నంబరు రాసుకున్నాను. ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చునేవాళ్లు మీలో ఉంటే చెప్పండి. రేపు ఉదయం లోపు.