తాళి కట్టేదాకా ఉండమన్నారు, మా ఖాదరన్నను

నిన్న మధ్యాహ్నం మా తమ్ముడి ఫోన్. "అక్కా, ఫోటో ఖాదరన్న పోయినాడంట."

ఏ ఖాదరన్న అని అడిగాను. కదిరిలో ఇంకో ఫోటో ఖాదరన్న లేడని తెలిసి కూడా.

రాత్రి నుంచి ఏడుపు రావడం లేదు. కోపం వస్తోంది.

తెలియనివాళ్లకు చెప్తాను. రీల్ కెమెరా రోజుల్లో తనకల్లులో నా పెళ్లికి ఫోటోలు తీసింది ఆయనే. పెళ్లికి ముందు రోజే ఇంటికొచ్చి, నోట్‌బుక్‌లో ఆల్బమ్ పేజీలు గీసుకున్నాడు. ఎడమ పేజీలో నేను, కుడి పేజీలో పెళ్లికొడుకు. "పుస్తకం మూస్తే ఇద్దరూ ఎదురెదురు పడాలమ్మా" అన్నాడు.

మొదటి పేజీ మీద "అమ్మ" అని రాసుకున్నాడు.

మా నాయన అప్పటికే లేడు. పెళ్లి పూట అమ్మను వంటింట్లో కూర్చోబెట్టారు. ఖాదరన్న ఆమెను పిలవబోతే మగపెళ్లివారి పెద్దమనిషి అడ్డం నిలబడ్డాడు.

"ముండమోసినదాన్ని ఫోటో తీస్తావేమప్పా, శుభమా అని పెళ్లి జరుగుతాంటే?"

ఖాదరన్న కెమెరా బ్యాగ్‌లో పెట్టేశాడు.

"తల్లి లేని ఆల్బమ్ నేను కట్టలేనన్నా. ఇంకొకర్ని పిల్చుకోండి."

ముహూర్తం దగ్గరపడింది. ఇంకొకరు ఎక్కడ దొరుకుతారు? పెద్దమనిషి పక్కకు తప్పుకున్నాడు. అమ్మ చేతులకు పిండితోనే వచ్చి నా పక్కన నిలబడింది.

అమ్మా నేనూ కలిసి ఉన్న ఫోటో నాకు అదొక్కటే.

అలాంటి మనిషికి నిన్న ఏం జరిగిందో షమీమ్ వదిన చెప్పింది. అన్న భార్య.

యాడికి అనే ఊరి దగ్గర డబ్బున్నవాళ్ల ఇంట్లో పెళ్లి. కదిరి నుంచి అంత దూరం పిలిపించుకున్నారు. తాళి కట్టడానికి ముందు అన్న ఆ ఇంటి యజమానితో చెప్పాడట. "అన్నా, గుండె పట్టేసినట్లుండాది. తాడిపత్రి ఆసుపత్రికి పోతా."

"తాళి కట్టేదాకా ఉండప్పా. నీ అంత బాగా తీసేటోడు యాడుండాడు?"

ఉండిపోయాడు. కుర్చీలో కూర్చుని తీశాడు.

తలంబ్రాలు అయ్యాక పడిపోయాడు. వాకిట్లో పూలు కట్టిన కార్లు నాలుగు ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. ఆటోలో పడుకోబెట్టి పంపారు. దారిలోనే అయిపోయింది.

అన్నా, నీ మీద కూడా కోపంగానే ఉంది. నా పెళ్లిలో కెమెరా బ్యాగ్‌లో పెట్టేసినవాడివి, నిన్న నీ కోసం ఎందుకు పెట్టలేదు?

ఈ ఉదయం అన్నను ఖబరస్తాన్‌కు తీసుకెళ్లారు. ఆడవాళ్లం మేం అన్న ఇంట్లోనే ఉన్నాం. అప్పుడు ఆ పెళ్లి ఇంటి నుంచి ఫోన్. "మెమరీ కార్డ్ యాడుండాదమ్మా?"

నేను ఫోన్ లాక్కుని నోటికొచ్చినట్టు తిట్టాను. వదిన నా చేతిలోంచి తీసుకుని, "ఆల్బమ్ చేసి పంపిస్తాలే అన్నా" అని పెట్టేసింది.

"ఎందుకు వదినా?"

"ఆ పెండ్లికూతురు ఏం చేసిందమ్మా? ఏ ఫోటో ఏ పేజీలో పెట్టాలనుకున్న్యాడో నాకు తెలుసు. నేనే కూరుస్తా."

అంత మనసు నాకు లేదు. నేను క్షమించను.

ఆ ఇంటివాళ్లు నిన్నటి నుంచి "గొప్ప ఆర్టిస్ట్" అని పోస్టులు పెడుతున్నారు. అయ్యా, రేపు ఆల్బమ్ వస్తుంది. తాళి కట్టిన పేజీ తీసి మీ చుట్టాలకు చూపించేటప్పుడు, అది తీసిన మనిషి ఒక చేత్తో గుండె పట్టుకుని ఉన్నాడని కూడా చెప్పండి.

పోయిరా ఖాదరన్నా. ఇంకాసేపు ఉండమని నిన్ను ఎవరూ ఆపని చోట, అల్లా నీకు నెమ్మది ఇవ్వాలి.