కింది అంకె జోలికి పోకు!

మస్తూరా పంతులమ్మ ఖర్బూజాని కత్తితో కోయదు, కళ్లతో కోస్తుంది. ఒక్క చూపు చూసిందంటే కాయ హడలిపోయి ఎనిమిది సమాన ముక్కలుగా తనంతట తానే విచ్చుకుంటుంది. నమ్మనివాళ్లు మా ఊరు చోర్‌తుత్‌కి వచ్చి చూసుకోండి. నేను అయిదో తరగతిలో బడి ఎగ్గొట్టినవాణ్ణి, అబద్ధాలాడేంత చదువు నాకు లేదు.

ఆవిడకి ఒకటే పిచ్చి. ఏది కనపడినా వాటాలేసి, అందులోంచి తీసివేత చేయాలి. తీసేది భిన్నంలో పై అంకెలోంచే. కింది అంకెని ఎవడైనా ముట్టుకున్నాడో, గాడిదలు కట్లు తెంపుకునేలా అరుస్తుంది: “కింది అంకె జోలికి పోకు!”

పెళ్లి విందులో పలావు పళ్లెం ముందు ఎవరైనా “చాలమ్మా” అంటే ఊరుకోదు. “ఏడు బై ఎనిమిది ఉండేది, రెండు బై ఎనిమిది తిన్నావు. అయిదు బై ఎనిమిది ఎవరు తింటారు, మీ తాతా?” వాళ్లాయన పాపం, ఆకలి తీరిందని ఇంట్లో ఏనాడూ పైకి అనలేదు.

నా సంగతంటారా? ఏడు బై ఎనిమిదిలోంచి మూడు బై ఎనిమిది తీయమంటే, పైనా కిందా సమంగా తీసేసి నాలుగు బై సున్నా అన్నాను. నాకు పక్షపాతం లేదు మరి.

“సున్నా ముక్కలుగా కోసిన ఖర్బూజా ఎక్కడుందిరా? పట్టుకురా పో!” అంది.

తేవడానికి వెళ్లినవాణ్ణి మళ్లీ బడి మొహం చూళ్లేదు. ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.

రిటైరయ్యాక ఊరు ఆవిణ్ణే మిరోబ్‌గా, అంటే కాలవ నీళ్లు పంచే పెద్దగా, ఎన్నుకుంది. కాలవకి అడ్డంగా ఎనిమిది గాట్ల మల్బరీ దుంగ ఉంటుంది. ఒక్కో గాటు నుంచి ఒక్కో జల్దారు పళ్ల తోటకి పిల్లకాలవ. వసంతంలో పూడిక తీతకి ప్రతి తోట నుంచీ ఒక పార రావాలి. రాకపోతే ఆ ఏడు నీళ్లు లేవు. అది మా కట్టుబాటు.

ఆ ఏడు ఎనిమిదో పార రాలేదు. ఆ తోట జలోలిద్దీన్‌ది, చలికాలంలో పోయాడు. భార్య సబోహత్ మొగుడు పోయిన సంతాప గడువు తీరేదాకా గడప దాటకూడదు. పైగా కరువు. చెట్లు ఎండితే ఆ ఇంటికి ఇంకో ఆధారం లేదు.

పై తోట మీర్జోహైదర్ ఏడు గాట్ల కొత్త దుంగ చెక్కించి బండి మీద వేసుకొచ్చాడు. వెనక మిగతా ఆరు తోటల వాళ్లం. నేనూ ఒకణ్ణి, మా నాన్న తోట తరఫున.

పంతులమ్మ కాలవలోకి దిగి పాత దుంగ ముందు నిలబడింది.

“ఒరే హైదరూ, ఎనిమిది బై ఎనిమిదిలోంచి ఒకటి బై ఎనిమిది తీస్తే?”

“ఏడు, పంతులమ్మా. అందుకే ఏడు గాట్లు.”

“ఏడు కింద ఎంత?”

“...ఏడు.”

“కింది అంకె జోలికి పోకు! ఏడు బై ఎనిమిది. పోయింది మనిషిరా, తోట కాదు. మీ ఏడు మీకున్నాయి. ఆ ఒకటీ దాని గాటులోంచి దాని దారిన పోతుంది.”

“పార రాలేదుగా!”

“వచ్చింది. ఆమె వాటా పూడిక నేను తీశాను. పంతులమ్మకి మతి పోయింది, తీసిన చోటే మళ్లీ తీస్తోంది అని నవ్వింది మీరే కదా? ఇప్పుడు చెప్పు, వచ్చే ఏడు నువ్వు పోతే మీ ఆవిడ ముందు ఆరు గాట్ల దుంగ దించమంటావా?”

మేం ఆరుగురం ఎవరి ఇంటివైపు వాళ్లు చూసుకున్నాం. ఒక్కొక్కళ్లం బండికి అడ్డం తిరిగి, ఎద్దుల్ని వెనక్కి మళ్లించాం. పంతులమ్మ మాత్రం సబోహత్ చెట్ల మొదళ్లు తడిసేదాకా కాలవలోంచి కదల్లేదు.

ఈ కథ నేను చాయ్‌ఖానాలో ఎన్నోసార్లు చెప్పాను. మొన్న మంచి ఊపులో ఉన్నాను. “నడుం లోతు నీళ్లు! వరద మీద పడుతున్నా ఆవిడ కొండలా...” అంటుండగా వీధిలోంచి పంతులమ్మ తల పెట్టి చూసింది.

“నడుం లోతేంట్రా? చీలమండ కూడా మునగలేదు. నీళ్లు లేకే కదా గొడవ.”