పళ్ళ డాక్టరు గోడ మీద పసుపు బట్ట

పిన్ని చివరగా తిట్టింది ఇస్త్రీ అతన్ని. అమ్మ పొరపాటున ఇస్త్రీకి వేసిన దుప్పటిని అతను చదునుగా తెచ్చి ఇచ్చాడు.

"మడతలన్నీ చంపి తెచ్చావు కదయ్యా. ఇక నేనేం ఫోటో తియ్యను?"

"నలిపేదానికి నాకెందుకు వేశారమ్మా?" అని అతను నవ్వాడు.

పిన్ని దుప్పటిని ఉండచుట్టి కుర్చీలో పడేసింది. ఆ మధ్యాహ్నమే గుండె ఆగిపోయింది.

బట్టల కొట్టులో తానులు విప్పి చూపడం ఆమె ఉద్యోగం. కొనేవాళ్ళు రంగు చూస్తుంటే, పిన్ని మడత మీద ఎండ జారే తీరు చూసేది. ఇంటికొచ్చి గుడ్డలు వేలాడదీసి, బట్ట అని పోల్చుకోలేనంత దగ్గరగా ఫోటోలు తీసేది. ఒకటి ఇసుకతిన్నెలా ఉండేది, ఇంకొకటి పారే నీళ్ళలా. పసుపు బట్ట ఫోటోని పళ్ళ డాక్టరు పెద్దది చేయించి, రోగులు కూర్చునే గది గోడకి పెట్టించాడు. తలకిందులుగా.

పిన్ని వెళ్ళి అడిగితే, "బట్టకి తలా తోకా ఏముంటాయండీ? సోఫాకి మ్యాచయింది, చాలదా?" అన్నాడట అక్కడి మేనేజరు.

"నీ పై పళ్ళు కిందా, కింది పళ్ళు పైనా కట్టిస్తే నమలగలవా?" అనేసి వచ్చింది. ఆ తర్వాత కూడా ఊరుకోలేదు, అక్కడికి వెళ్తూనే ఉంది. ఆ కోపమే ఆమెను తినేసిందని నా నమ్మకం.

ఆమె పోయిన వారానికి నేనే వెళ్ళాను. వెలుగంతా ఫోటో అడుగున ఉంది. ఎండ పైనుంచి పడుతుందని పసిపిల్లలకైనా తెలుసు. ఒళ్ళు మండింది.

"ఒకసారి తిప్పామండీ. ఆవిడే దగ్గరుండి..." అన్నాడు మేనేజరు.

"ఏం తిప్పారు? మనిషి పోయినా మీకు చీమ కుట్టినట్టయినా లేదు. నా కళ్ళ ముందు తిప్పండి."

నిచ్చెన తెచ్చి తిప్పేదాకా అక్కణ్ణుంచి కదలలేదు.

ఇంటికొచ్చి, వెలుగు ఇప్పుడు పైకి వచ్చిందని అమ్మకి చెప్పాను. అమ్మ కుర్చీలోని దుప్పటిని ఒళ్ళోకి తీసుకుంది.

"ఆ ఫోటో తీసినప్పుడు అద్దం పట్టుకుంది నేనే," అంది. "నన్ను నేల మీద కూర్చోబెట్టి, ఎండని కిందనుంచి పైకి కొట్టించింది. 'వెలుగు అడుగునే ఉండాలి. అద్దం కదిపావంటే ఊరుకోనక్కా' అని ఒకటే తిట్లు."