కనకానికి పాలు పడలేదు

శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి కోడలిగా వచ్చినప్పుడు కనకం ఒకచోట నిలిచే మనిషి కాదు. భర్త త్రినాథరావు షెడ్‌లో ఫిట్టర్. అతను డ్యూటీకి వెళ్లేలోపే ఇంటి పనంతా ముగించి, పక్క క్వార్టర్ వాళ్లకు కూడా అప్పడాలు ఒత్తిపెట్టేది.

కూతురు రాజశ్రీ పుట్టినప్పుడు రక్తస్రావం ఎంతకీ ఆగలేదు. రక్తం ఎక్కించి ప్రాణం నిలబెట్టారు. గండం గడిచిందనుకున్నారు. కానీ పాలు పడలేదు. పాలు పడతాయని అత్తగారు ఊరి నుంచి ఎండు సొరచేప తెప్పించి వండిపెట్టింది. వెల్లుల్లి తినిపించింది. ఏదీ పనిచేయక పిల్ల డబ్బా పాలతో పెరిగింది.

నెలసరి మళ్లీ రానేలేదు. కనుబొమలు రాలిపోయాయి. నడివేసవిలో కూడా కనకం దుప్పటి కప్పుకునేది, అన్నం వార్చి అక్కడే కూలబడేది. డాక్టర్లు రక్తం తక్కువని టానిక్కులు రాశారు. “దీనికి ఒల్లొంగదు” అని అత్తగారు పోయేదాకా అంటూనే ఉంది. త్రినాథరావు ఎదురు చెప్పలేదు. కూతురికి జడ వేసింది, బడికి తీసుకెళ్లింది అతనే.

రాజశ్రీకి రాయ్‌పూర్‌లో ఉద్యోగం వచ్చిన ఏడాది, విరేచనాలు పట్టుకుని కనకం స్పృహ తప్పింది. ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఆమె ముఖం చూసి, కాన్పు తర్వాత పాలు పడ్డాయా అని త్రినాథరావును అడిగింది. అన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఉంటుందనీ, పాలకూ నెలసరికీ ఒంటి వేడికీ సత్తువకూ హార్మోన్ల ద్వారా ఆజ్ఞలిచ్చేది అదేననీ, కాన్పు రోజు అంత రక్తం పోయి అది చచ్చుబడిందనీ ఆమె వివరించింది. ఇక జీవితాంతం మాత్రలు వేసుకోవాలి, ఒక్క పూట కూడా మానకూడదు.

వారం తిరగకుండానే కనకం లేచి కూర్చుని ఆకలేస్తోందంది. త్రినాథరావు సంగతంతా చెప్పాడు.

“అయితే నాను బద్ధకంతో పడుకోలేదన్నమాట,” అంది. “అత్త ఉండగా తెలిసుండాల్సింది.”

త్రినాథరావు తల వంచుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆమె మళ్లీ వంట చేసింది, సాయంత్రాలు బుధ్వారీ బజారు దాకా నడిచింది. కనుబొమలు మాత్రం రాలేదు. కూతురి చిన్నతనంలో చాలా భాగం ఆమెకు గుర్తే లేదు.

ఒక ఆదివారం రాజశ్రీ ఫోన్ చేసింది. గొంతు ఏడ్చినట్టుగా ఉంది.

“నాన్న లేరా?”

“డ్యూటీకెల్నారు. ఏటయిందే? నాకు సెప్పు.”



“అచ్ఛా, ఏం లేదమ్మా. నాన్న వచ్చాక చేస్తాన్లే.”

కనకం ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.