ప్రార్థన మనవిగా వచ్చిన పక్షులు

అమెరికాలో, ఈ నోవై ఊళ్లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి ఒక అలవాటుంది. ఏదైనా వదిలించుకోవాలంటే ఎవరూ నేరుగా అడగరు, ప్రార్థన మనవిగా పెడతారు. పాత సోఫా, లీజు మిగిలిపోయిన అపార్ట్‌మెంటు, చుట్టపుచూపుగా వచ్చి కదలని బంధువు, అన్నీ ముందు దేవుడి దగ్గరికి వెళ్లి, అక్కణ్ణుంచి కాస్త మెత్తగా కనిపించినవాళ్ల నెత్తిమీదికి దిగుతాయి. ఆ శుక్రవారం కూడికలో, టెక్సస్‌లోని కాపెల్‌కి మారిపోతున్న ఒకావిడ తన రెండు పక్షులకి మంచి ఇల్లు దొరికేలా ప్రార్థించమంది. అందరం కళ్లు మూసుకున్నాం. ఆమేన్ అని కళ్లు తెరిచేసరికి గదిలో అందరూ నావైపే చూస్తున్నారు.

"మీకు పిల్లలూ అదీ లేరు కదక్కా, టైమ్ ఉంటుంది," అంది ఆవిడ.

పెళ్లి చేసుకోని ఆడదానికి టైమ్ ఉంటుందన్నది మా సంఘపు విశ్వాస ప్రమాణాల్లో ఒకటి. కార్ల బ్రేకులు పరీక్షించే ఉద్యోగంలో వారానికి ఎన్ని గంటలు పోతాయో ఎవరూ అడగరు. కాదంటే ప్రార్థనకి అడ్డుపడ్డదాన్నవుతాను. సరే అన్నాను. తర్వాతి ఆదివారం ఆవిడ మైకు పట్టుకుని, దేవుడు తన మనవి ఎలా ఆలకించాడో సాక్ష్యం చెప్పింది. దేవుడి పనంతా నేను చేయబోతున్నానన్న సంగతి ఆ సాక్ష్యంలో లేదు.

అవి కాకటీల్స్. మనం అనుకునే పచ్చ చిలకలు కావు. పిడికెడంత ఒళ్లు, పొడుగాటి తోక, నెత్తిన తురాయి, బుగ్గన నారింజరంగు బొట్టు. ఒకటి పసుపుది, ఒకటి బూడిదరంగుది. రెండూ ముసలివే. కూతురు చిన్నతనంలో మారాం చేస్తే కొన్నారట. ఆ కూతురు ఇప్పుడు కాలేజీకి వెళ్లే వయసుది. పంజరం దింపడానికి వచ్చిన రోజు చెవుల్లో తెల్లటివి పెట్టుకుని, ఫోన్లోంచి తల ఎత్తకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. పక్షులకి వీడ్కోలైనా చెప్పలేదు. తల్లికి తగ్గ కూతురు అనుకున్నాను.

"పసుపుది మంచిదక్కా. ఈ గ్రే దానికే పొగరు. కొరుకుతుంది. బయటికి తియ్యాలంటే పైన టవల్ వేసి పట్టేసుకోండి," అంది తల్లి.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, పెంచడం చేతకానివాళ్లందరికీ పెంచినదానికే పొగరుంటుంది. ఆ పంజరం చూస్తేనే ఆ ఇంటి సంగతి అర్థమైంది. ముసలి కాళ్లకి నున్నటి గుండ్రటి పుల్లలు, అవి కూడా ఎక్కలేనంత ఎత్తులో. గింజల గిన్నెలో సగం పొట్టే. నేను పుల్లలు తీసేసి, కిందుగా వెడల్పాటి చెక్క బిగించాను. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ ఈ పిట్టల ప్రాణం తీస్తుందని తెలిసి, దాన్ని పారేసి ఇనప పెనానికి మారాను. మొదటి దోసెలు పెనానికే అంకితమయ్యాయి.

ఇక సలహాలు. మా ఇంట్లో కూడికకి వచ్చిన ప్రతివాళ్లూ పంజరంలోకి వేలు పెట్టి, ఇది మాట్లాడుతుందా అని అడిగారు. మాట్లాడదంటే, ఎందుకూ పనికిరానిదాన్ని చూసినట్టు చూశారు. ఒక బ్రదర్ గారు పచ్చిమిరపకాయలు తెచ్చిచ్చారు. కడుపు మాడిస్తే అదే దారికొస్తుందని ఒక సిస్టర్ చెప్పింది. ఆవిడ పిల్లలు ఆవిడతో ఎందుకు మాట్లాడరో నాకు అప్పుడు తెలిసింది.

నేను టవల్ వాడలేదు, వేలు పెట్టలేదు. నా డెస్కు పంజరం పక్కకి జరుపుకుని, వాటికి సగం వీపు తిప్పి కూర్చుని పనిచేసుకునేదాన్ని. మధ్యాహ్నం అక్కడే పెరుగన్నం తినేదాన్ని. బయట మంచు పడుతూ ఉండేది, లోపల నేను కాన్ఫరెన్స్ కాల్స్‌లో సప్లయర్లని ఉతికేస్తూ ఉండేదాన్ని. ఆ కాల్స్ అంటే బూడిదదానికి ఇష్టం. నేను గొంతు పెంచినప్పుడల్లా అది ముక్కుతో ఈకలు సవరించుకునేది. పసుపుది ముందే లొంగింది. కొర్రకంకి చూపిస్తే చాలు, ఎవరి చేతిమీదికైనా ఎక్కే రకం. దానికి పౌరుషం లేదు.

బూడిదది నా ముఖం వంక చూసే తీరులోనే చిన్నచూపు ఉండేది. ఎప్పుడూ శరీరాన్ని ఒక పక్కకి తిప్పి, కుడికంటితోనే చూసేది. ఒకరోజు నీళ్ల గిన్నె ఎడమవైపు నుంచి పెట్టాను. గిన్నె ఒంటికి తగిలేదాకా కదల్లేదు. తగలగానే అరిచి, నా బొటనవేలు చీల్చింది. రక్తం కడుక్కుంటుంటే విషయం తట్టింది. పక్షుల డాక్టరు టార్చి వేసి చూసి, ఎడమకంట్లో శుక్లం ఉందనీ, అది నిన్నమొన్నటిది కాదనీ చెప్పింది.

పొగరు కాదు, గుడ్డితనం. కనపడని వైపు నుంచి ఇన్నేళ్లూ చేతులూ టవళ్లూ మీద పడుతుంటే కొరకక ముద్దు పెట్టుకుంటుందా? ఒకే ఇంట్లో ఉంటూ దాని కళ్లలోకి ఒక్కరూ చూడలేదు. ఆ మనుషుల మీద నాకు అసహ్యం వేసింది. అప్పటినుంచి ముందు మాట్లాడి, కుడివైపుగా వెళ్లి, చెయ్యి దూరంగా ఆపి, రావడం రాకపోవడం దాని ఇష్టానికే వదిలేసేదాన్ని. చలికాలం పోయి గడ్డి పచ్చబడ్డాక, ఒక ఉదయం అది ఒక కాలు నా వేలిమీద పెట్టి, ఆలోచించి, రెండోది కూడా పెట్టింది. నేను ఏడ్చాను. సంఘంలో ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడు ఏదో పెళ్లికని వచ్చి, తల్లీకూతుళ్లు మా ఇంటికొచ్చారు. తల్లి చేతిలో విమానం సీటు కింద పట్టే చిన్న పెట్టె ఉంది. కూతురు కాలేజీకి వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయిందట, పసుపుదీ బూడిదదీ విడిగా ఉండలేవు కాబట్టి రెంటినీ తీసుకెళ్దామనుకుంటోందట.

"ఇప్పుడైనా ఆ గ్రేది దారికొచ్చిందా అక్కా?" అంది.

వచ్చిందంటే ఆ పెట్టెలోకి పోతుంది. ఆ గుడ్డిది, మళ్లీ ఆ టవల్ కిందికి. అడ్డు చెప్పడానికి నాకు హక్కు లేదు, పిట్టలు ఆవిడవి. "మీరే చూసుకోండి," అన్నాను.

కూతురిని చెయ్యి పెట్టమంది తల్లి. ఆ పిల్ల పంజరం చుట్టూ తిరిగి, సరిగ్గా బూడిదదాని ఎడమవైపు నుంచి చెయ్యి పెట్టింది. నేను చూస్తూ ఊరుకున్నాను. అది వేలు పట్టుకుని వదల్లేదు. రక్తం చెక్కమీద పడింది.

"ఇది ఈ జన్మకి మారదు. రెంటినీ మీ దగ్గరే ఉండనీయండక్కా," అని తల్లి పెట్టె మూసి, భర్తకి ఫోన్ చేయడానికి వరండాలోకి వెళ్లింది.

నేను గెలిచాను. ఆ పిల్లకి బ్యాండెయిడ్ వేస్తూ, గెలిచిన నోరు ఊరుకోక, ఇన్నేళ్లు పెంచి దాని సంగతి ఇంతేనా తెలిసింది అని దెప్పాను.

"నాకు తెలుసు ఆంటీ. లెఫ్ట్ ఐ కనపడదు దానికి. హై స్కూల్‌లోనే చెప్పాను మమ్మీకి. బర్డ్‌కి డాక్టర్ ఏంటి అంది," అంది ఆ పిల్ల. "అందుకే ఆ సైడ్ నుంచి పెట్టాను. ఇప్పుడు మమ్మీ తీసుకెళ్లదు."

తర్వాత కుడివైపుకి వచ్చి, నాలుకతో చిన్న చప్పుడు చేసింది. బూడిదది పరుగున వచ్చి, కట్టు కట్టిన వేలిమీదికే ఎక్కి, తురాయి వాల్చి, గోకమని మెడ వంచింది. ఇన్నాళ్లలో నాకు ఒక్కసారీ మెడ వంచలేదది. ఆ పిల్ల కళ్లు తుడుచుకోకుండా గోకుతూ నిలబడింది.

తలుపు చప్పుడైంది. గబుక్కున దాన్ని చెక్కమీద దింపి, పంజరం మూసేసింది.

తల్లి వచ్చి ఇంకా నొప్పిగా ఉందా అని అడిగింది. చాలా, అంది ఆ పిల్ల, నన్ను చూడకుండా.